గుండె జబ్బుతో లాంగ్ ఫ్లైట్: ఆక్సిజన్ ఎక్కడా తెగకుండా చూసుకోవడం ఎలా

చెల్లెలికి ఏడో నెల పడగానే అమ్మ నన్ను అడిగిన మొదటి మాట, "నన్ను విమానం ఎక్కనిస్తారా?" అని. చెల్లెలు ఉండేది డల్లాస్‌లో, మేముండేది అనంతపురంలో. చిన్నప్పుడు వచ్చిన రుమాటిక్ ఫీవర్ వల్ల అమ్మ గుండె కవాటం దెబ్బతింది. కొన్నేళ్ల కింద వాల్వ్ మార్చారు. వాల్వ్ బాగానే పనిచేస్తోంది కానీ, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ప్రెషర్ మాత్రం పూర్తిగా దిగలేదు. కుర్చీలో కూర్చున్నప్పుడు, వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే ఆక్సీమీటర్‌లో 93 చూపిస్తుంది. మేడ మెట్లెక్కి వస్తే 89.

చుట్టాలందరూ ఒకటే మాట: "విమానంలో ఆక్సిజన్ ఉంటుందిలే, పైనుంచి మాస్కులు పడతాయి కదా." నేనూ అలాగే అనుకున్నాను. అది పూర్తిగా తప్పు. ఆ మాస్కులు క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పడిపోయినప్పుడు, పైలట్ విమానాన్ని కిందికి దించేలోపు కొద్ది నిమిషాలు అందరినీ కాపాడటానికి పెట్టినవి. రోగి కోసం అవి కిందికి రావు. సిబ్బంది దగ్గర అత్యవసరానికి కొన్ని చిన్న సిలిండర్లు ఉంటాయి, వాటిని నమ్ముకుని పదహారు గంటల ప్రయాణం పెట్టుకోకూడదు. ఆక్సిజన్ కావాలంటే మనమే ముందుగా, నేల మీద ఉండగానే ఏర్పాటు చేసుకోవాలి. మాకు ఆ ఏర్పాటుకి ఏడు వారాలు పట్టింది. మీకు అంత కంగారు లేకుండా ఉండాలని, చేసిన వరుసలోనే రాస్తున్నాను.

పైన ఏం జరుగుతుంది

విమానం 35 వేల అడుగుల పైన ఎగిరినా, లోపల గాలిని సుమారు 6 వేల నుంచి 8 వేల అడుగుల ఎత్తులో ఉండేంత ఒత్తిడిలో ఉంచుతారు. మన హార్స్‌లీ హిల్స్ ఎత్తు 4 వేల అడుగులకి కాస్త పైన. విమానంలో కూర్చోవడమంటే దానికి దాదాపు రెట్టింపు ఎత్తులో, ఊటీలాంటి చోట, గంటల తరబడి కూర్చున్నట్టు. గాలిలో ఆక్సిజన్ వంతు అప్పుడూ 21 శాతమే. కానీ ఒత్తిడి తగ్గడంతో ఊపిరితిత్తులకి అందేది, సముద్రమట్టంలో 15 శాతం ఆక్సిజన్ ఉన్న గాలి పీల్చినంతే. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే ఆక్సీమీటర్ 90, 93 మధ్యకి దిగుతుంది, వాళ్లకి తెలియను కూడా తెలియదు.

అమ్మలాంటి వాళ్లకి సమస్య ఇంకొకటి. ఆక్సిజన్ తగ్గితే ఊపిరితిత్తుల్లోని రక్తనాళాలు ముడుచుకుంటాయి. అసలే అక్కడ ప్రెషర్ ఎక్కువున్నవాళ్లకి అది ఇంకా పెరిగి, గుండె కుడివైపు గది మీద భారం పడుతుంది. హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవాళ్లకి, పంపింగ్ తగ్గినవాళ్లకి గుండె ఇంకా వేగంగా కొట్టుకోవాల్సి వస్తుంది.

అనంతపురం సముద్రమట్టానికి వెయ్యి అడుగుల పైనే ఉంటుంది కాబట్టి ఇక్కడ చూసుకున్న నంబర్ కాస్త తక్కువే రావచ్చు. కానీ అదేమంత తేడా కాదు. "ఎత్తు వల్లేలే" అని 90ని 95గా లెక్కేసుకోకండి.

టికెట్ కొనకముందే గుండె డాక్టర్ దగ్గరికి

తక్కువ ధరకి టికెట్ దొరికిందని ముందు అది కొనేసి, తర్వాత డాక్టర్ దగ్గరికి వెళ్లేవాళ్లే ఎక్కువ. ఆ వరుస మార్చండి. పాత డిశ్చార్జి కాగితాలు, ఆరు నెలల లోపు 2డీ ఎకో (గుండె స్కాన్), ఈసీజీ, మందుల చీటీ అన్నీ ఒక ఫైల్లో పెట్టుకుని వెళ్లండి. మన జిల్లాలో చాలామందికి ఆపరేషన్ పుట్టపర్తి సత్యసాయి సూపర్ స్పెషాలిటీలో అయి ఉంటుంది. 1991 నుంచి అక్కడ ఉచితంగా గుండె వైద్యం చేస్తున్నారు. ఆ కాగితాలు ఇంట్లో కనిపించకపోతే ఆసుపత్రికి వెళ్లి రికార్డు కాపీ అడగండి. ఏ కంపెనీ వాల్వ్, ఏ సైజు, ఎప్పుడు వేశారు అన్నది ఆ కాగితంలోనే ఉంటుంది. విదేశంలో ఏదైనా తేడా వస్తే అక్కడి డాక్టర్ మొదట అడిగేది అదే.

ఆక్సిజన్ కావాలా వద్దా అన్నది డాక్టరే చెప్పాలి, మన అంచనా పనికిరాదు. చాలాచోట్ల వాడే లెక్క ఇది: విశ్రాంతిగా ఉన్నప్పుడు ఆక్సిజన్ పెట్టకుండా 95 లేదా ఎక్కువ ఉంటే మామూలుగా అవసరం ఉండదు. 92 కంటే తక్కువుంటే విమానంలో ఆక్సిజన్ కావాలి. ఈ రెండింటి మధ్య ఉండి, గుండె, ఊపిరితిత్తుల జబ్బుంటే ఇంకో పరీక్ష చేయించమంటారు. దాన్ని హైపాక్సిక్ ఛాలెంజ్ టెస్ట్ అంటారు. 15 శాతం ఆక్సిజన్ ఉన్న గాలిని ఇరవై నిమిషాలు పీల్పించి, నంబర్ ఎంత దిగుతుందో చూస్తారు. విమానంలో జరిగేదాన్ని ఆసుపత్రి గదిలోనే చూసేయడమన్నమాట. ఈ పరీక్ష చేసేది పెద్ద ఆసుపత్రుల్లోని పల్మనాలజీ విభాగంలో. మేం బెంగళూరులో చేయించాం. పదకొండో నిమిషానికి అమ్మ నంబర్ 83కి వచ్చింది. ఆపేసి ముక్కుకి పైపు పెట్టి నిమిషానికి 2 లీటర్లు ఇవ్వగానే మళ్లీ 94. ఆ తెరమీద నంబర్ ఎక్కుతూ ఉంటే చూసి, అప్పటిదాకా బిగబట్టుకుని కూర్చున్న అమ్మ మొహంలో మొదటిసారి నవ్వు కనపడింది.

పుట్టుకతో గుండెలో లోపం ఉండి ఎప్పుడూ ఆక్సిజన్ తక్కువగానే ఉండేవాళ్లకి ఈ నంబర్లు వర్తించవు. వాళ్ల లెక్క వేరు, వాళ్ల డాక్టర్‌కే తెలుస్తుంది. ఊపిరితిత్తుల జబ్బు కూడా ఉన్నవాళ్లలో కొందరికి ఆక్సిజన్ ఎక్కువైనా ప్రమాదమే, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. అందుకే ఎన్ని లీటర్లు పెట్టాలి, నంబర్ ఎంత దగ్గర ఉంచాలి, ఎంతకి దిగితే పెంచాలి అన్న మూడు విషయాలూ డాక్టర్ చేత కాగితం మీద రాయించుకోండి.

కొందరు ఆక్సిజన్ ఉన్నా ఇప్పట్లో ఎక్కకూడదు. ఈ మధ్యే హార్ట్ ఎటాక్ వచ్చినవాళ్లు, కూర్చున్నా ఛాతీ నొప్పి వచ్చేవాళ్లు, కాళ్లవాపు, ఆయాసం రోజురోజుకీ పెరుగుతున్నవాళ్లు, గుండె లయ అదుపులో లేనివాళ్లు. బైపాస్ అయ్యాక కూడా ఛాతీలో గాలి మిగిలి ఉంటే, పైన ఒత్తిడి తగ్గగానే ఆ గాలి వ్యాకోచిస్తుంది. కనీసం పది రోజులు ఆగి, ఎక్స్‌రే చూసి చెప్పమని అడగండి. ఇంట్లో చూసుకునే చిన్న పరీక్ష ఒకటుంది: మామూలు నడకతో యాభై మీటర్లు నడిచి, లేదా ఒక అంతస్తు మెట్లెక్కి, మాట్లాడలేనంత ఆయాసం రాకపోతే ఫర్వాలేదంటారు. అది డాక్టర్ మాటకి బదులు కాదు.

వెళ్లే ఊరి ఎత్తు కూడా చెప్పండి. డల్లాస్‌తో ఇబ్బంది లేదు. అదే డెన్వర్ అయితే 5,280 అడుగులు, అక్కడ దిగాక ఇంట్లో కూడా ఆక్సిజన్ కావాల్సి రావచ్చు.

టికెట్, ఆ తర్వాత ఫారం

ఆక్సిజన్ విషయంలో ఒక్కో ఎయిర్‌లైన్‌ది ఒక్కో పద్ధతి. కొన్ని సొంత సిలిండర్ ఇస్తాయి, దానికి విడిగా డబ్బు తీసుకుంటాయి. కొన్ని ఇవ్వవు, మన మెషిన్ మనం తెచ్చుకోమంటాయి. ఇంటి నుంచి నిండు సిలిండర్ తీసుకెళ్తామంటే మాత్రం చాలావరకు ఒప్పుకోరు. అయినా లెక్కేసి చూడండి: నిమిషానికి 2 లీటర్లంటే గంటకి 120, పదహారు గంటలకి 1,920 లీటర్లు. కరోనా టైంలో జనం మోసుకుంటూ తిరిగిన బీ టైపు సిలిండర్‌లో పట్టేది 1,500 లీటర్లే.

కాబట్టి టికెట్ కొనకముందే ఫోన్ చేసి అడగాల్సినవి: ఆక్సిజన్ మీరిస్తారా, నన్ను తెచ్చుకోమంటారా? ఇస్తే నిమిషానికి ఎన్ని లీటర్లు? మధ్యలో దిగే ఎయిర్‌పోర్ట్‌లో కూడా ఇస్తారా? ఈ చివరి ప్రశ్న చాలామంది అడగరు. ఎయిర్‌లైన్ ఇచ్చే ఆక్సిజన్ సాధారణంగా విమానం లోపలి వరకే. గల్ఫ్‌లో దిగి నాలుగు గంటలు కూర్చోవాలంటే ఆ నాలుగు గంటలు మనదే బాధ్యత. మేం సొంత మెషిన్ వైపు మొగ్గడానికి కారణం ఇదే. ఇంటి గడప నుంచి చెల్లెలి ఇంటి గడప దాకా ఒకటే పైపు, మధ్యలో ఎవరి చేతికీ మారదు.

టికెట్ మీద ఒక కంపెనీ పేరుండి, విమానం ఇంకొకరిది అయితే, నడిపేవాళ్ల నిబంధనలే లెక్క. ఆ సంగతి బుకింగ్ కాగితంలో చిన్న అక్షరాల్లో ఉంటుంది, చూసుకోండి.

తర్వాత మెడిఫ్ అనే ఫారం, అంటే రోగి ఆరోగ్యం గురించి ఎయిర్‌లైన్‌కి పంపేది. సగం మనం నింపాలి, సగం డాక్టర్. జబ్బు ఏంటి, ఆక్సిజన్ నంబర్ ఎంత, నడవగలరా, తోడు ఎవరు, ఎన్ని లీటర్లు, ఎడతెగకుండానా అప్పుడప్పుడా అని అడుగుతారు. డాక్టర్ సంతకం, ముద్ర, రిజిస్ట్రేషన్ నంబర్ మూడూ ఉండాలి. 48 గంటల ముందు పంపితే చాలని చాలాచోట్ల రాసి ఉంటుంది. ఆ మాట నమ్మి ఆఖరికి పెట్టుకోవద్దు. మాకు ఒకసారి "డాక్టర్ రాత అర్థం కాలేదు" అని తిప్పి పంపారు. టైపు చేయించి మళ్లీ పంపితే అయింది. మూడు వారాల ముందే పంపాం కాబట్టి సరిపోయింది. విమానం ఎక్కవచ్చని డాక్టర్ రాసిచ్చే ఫిట్ టు ఫ్లై సర్టిఫికెట్ మాత్రం మరీ పాతది ఒప్పుకోరు, ఎన్ని రోజుల లోపుది కావాలో అడిగి ఆ తేదీకి రాయించుకోండి. వీల్‌ఛైర్ కూడా అదే ఫోన్‌లో చెప్పేయండి. నడవగలిగినా సరే తీసుకోండి. బెంగళూరు, హైదరాబాద్ టెర్మినళ్లలో నడక చాలా దూరం.

మెషిన్, బ్యాటరీలు

ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. కరోనాలో ఇళ్లలో వాడిన 5 లీటర్ల, 10 లీటర్ల కాన్సంట్రేటర్ విమానంలో పనికిరాదు. బ్యాటరీతో నడిచే పోర్టబుల్ కాన్సంట్రేటర్ కావాలి. భుజానికి తగిలించుకునే బ్యాగంత ఉంటుంది. గాలిలోంచి నైట్రోజన్ తీసేసి ఆక్సిజన్ ఇస్తుంది, అందుకే అయిపోవడమంటూ ఉండదు, బ్యాటరీ ఉన్నంతసేపు నడుస్తుంది. అమెరికా వెళ్లే విమానాలకైతే మెషిన్ మీద ఎర్ర అక్షరాలతో, విమానంలో వాడటానికి ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన సంస్థ) ప్రమాణాలకు సరిపోతుందని కంపెనీ అంటించిన స్టిక్కర్ ఉందేమో చూడండి. అద్దెకి బెంగళూరు, హైదరాబాద్‌లో దొరుకుతాయి. ఎన్ని నెలలు ఉంటారో చూసుకుని, అద్దెకా కొనడమా లెక్క వేసుకోండి.

ఈ మెషిన్లు రెండు రకాలు. ఒకటి మనం ఊపిరి పీల్చినప్పుడు మాత్రమే ఒక్క గుక్క వదిలేది, దాన్ని పల్స్ అంటారు. రెండోది ఎడతెగకుండా వదులుతూ ఉండేది. పల్స్ మెషిన్ మీద 2 అని ఉంటే అది 2 లీటర్లని అనుకోకండి. అది ఆ కంపెనీ పెట్టిన అంకె మాత్రమే. డాక్టర్ 2 లీటర్లు రాస్తే, ఈ మెషిన్‌లో ఏ అంకె దగ్గర ఆ రోగికి నంబర్ నిలబడుతుందో పెట్టి చూసి తేల్చుకోవాలి. అమ్మకి 2 చాల్లేదు, 3 పెట్టాల్సి వచ్చింది.

ఇక బ్యాటరీ. చాలా ఎయిర్‌లైన్స్ ప్రయాణ సమయానికి ఒకటిన్నర రెట్లు బ్యాటరీ ఉండాలంటాయి. మాది గల్ఫ్ దాకా నాలుగు గంటలు, అక్కడి నుంచి డల్లాస్‌కి పదహారు, మొత్తం ఇరవై. అంటే ముప్పై గంటల బ్యాటరీ. మా మెషిన్ బ్యాటరీ ఒక్కోటి ఐదు గంటలు వస్తుందని షాపులో చెప్పారు. ఆరు తీసుకున్నాం.

సీటు దగ్గర ప్లగ్ ఉంటుంది కదా అంటారు. దాన్ని లెక్కలో కలపొద్దు. ఒక్కోసారి పనిచేయదు, ఒక్కోసారి టేకాఫ్, ల్యాండింగ్‌లో ఆపేస్తారు, ఒక్కోసారి మెషిన్‌కి సరిపడా కరెంటు రాదు. వస్తే లాభం, అంతే.

లిథియం బ్యాటరీలకి ఒక పరిమితి ఉంది. బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందో చెప్పే కొలత వాట్ అవర్. అది 100 లోపు అయితే మామూలుగా అనుమతి అక్కర్లేదు. 100 నుంచి 160 దాకా ఎయిర్‌లైన్ అనుమతి కావాలి, విడి బ్యాటరీలు రెండు మించకూడదు. బ్యాటరీ మీద వాట్ అవర్ రాసి లేకపోతే వోల్టుల్ని ఆంపియర్ అవర్‌తో గుణించండి. మాది 14.4 వోల్టులు, 6.8 ఆంపియర్ అవర్లు, గుణిస్తే 98 లోపే. విడి బ్యాటరీలన్నీ చేతి సంచిలోనే పెట్టాలి, చెక్ఇన్ సూట్‌కేసులో వేయకూడదు. ఒక్కోదాన్ని విడివిడి కవర్లో పెట్టి, లోహపు కొనలకి టేపు అంటించండి. ఎన్ని బ్యాటరీలు తెస్తున్నారో ఎయిర్‌లైన్‌కి ముందే ఈమెయిల్‌లో రాసి, సరేనన్న జవాబు దాచుకోండి.

అద్దె మెషిన్ అయితే ప్రతి బ్యాటరీనీ గడియారం పెట్టి పరీక్షించండి. నేను ఒక ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టి, అమ్మ పక్కనే కూర్చుని, పెన్నుతో ఒక్కోదాని మీద నంబర్ వేసి రాశాను. ఐదు గంటలన్నది ఒక్కటీ రాలేదు. అమ్మకి కావాల్సిన 3 దగ్గర పెడితే నాలుగున్నర వచ్చినవి నాలుగు, నాలుగు వచ్చింది ఒకటి. ఆరోది మూడు గంటల పది నిమిషాలకే బీప్ కొట్టి ఆగిపోయింది. షాపుకి ఫోన్ చేస్తే "అది కొంచెం పాతది సార్" అన్నారు. ఆ "కొంచెం పాతది" విమానంలో, అందరూ నిద్రపోయిన టైంలో తెలిసి ఉంటే! దాన్ని మార్పించుకుని, ఇంకో రెండు కలిపి ఎనిమిది చేసుకున్నాం. ఆ రెండింటికీ మళ్లీ ఈమెయిల్ పెట్టాం.

మెషిన్ ఛార్జర్ మీద 100 నుంచి 240 వోల్టులని ఉండాలి. అమెరికాలో కరెంటు 120 వోల్టులే. అక్కడి ప్లగ్ పిన్ను వేరు, అడాప్టర్ రెండు కొనుక్కోండి.

ఇంట్లో రెండు రాత్రులు

ప్రయాణానికి ముందు కనీసం రెండు రాత్రులు ఆ మెషిన్‌తోనే, కుర్చీలో వెనక్కి వాలి నిద్రపోనివ్వండి. మంచం మీద కాదు. పల్స్ మెషిన్‌కి ముక్కుతో పీల్చినప్పుడే తెలుస్తుంది. నిద్రలో నోరు తెరిచి పీల్చినా, ఊపిరి మరీ మెల్లగా ఉన్నా మెషిన్ గుక్క వదలదు. అమ్మకి మొదటి రాత్రి రెండుసార్లు అలా అయింది. గొట్టం చివర్లు ముక్కులోకి సరిగా పోయాయా, చెవుల వెనక పట్టు సరిగా ఉందా అని చూసుకుని, మెడ కింద చిన్న దిండు పెడితే రెండో రాత్రి కుదిరింది. అప్పటికీ కుదరకపోతే ఎడతెగకుండా వదిలే మెషిన్ గానీ, ఎయిర్‌లైన్ ఇచ్చే ఆక్సిజన్ గానీ తీసుకోవాలి. ఎడతెగకుండా వదిలే మెషిన్‌కి బ్యాటరీ చాలా ఎక్కువ పడుతుంది, లెక్కంతా మళ్లీ వేసుకోవాలి.

మన ఇళ్లల్లో ప్రయాణమంటే గోరింటాకు పెట్టుకుంటారు. గోరింటాకు ముదురుగా పండినా, నెయిల్ పాలిష్ ఉన్నా ఆక్సీమీటర్ తప్పు చూపించవచ్చు. అమ్మ పది వేళ్లకీ పెట్టుకోబోతుంటే ఎడమచెయ్యి రెండు వేళ్లు వదిలేయమన్నాను. "కూతురి పురిటికి పోతా బోసి వేళ్లతో పోవాల్నా" అని కాసేపు అలిగింది, కానీ వదిలేసింది.

ముక్కు ఎండిపోతుందని వాజ్‌లైన్, కొబ్బరినూనె రాయకండి. ఆక్సిజన్ దగ్గర నూనె పదార్థాలు మంటకి కారణమవుతాయి. నీటితో చేసిన జెల్ మందుల షాపులో అడగండి.

ఇంటి నుంచి ఎయిర్‌పోర్ట్ దాకా

అనంతపురం వాళ్లకి దేవనహళ్లి (బెంగళూరు ఎయిర్‌పోర్ట్), కర్నూలు వాళ్లకి శంషాబాద్ (హైదరాబాద్ ఎయిర్‌పోర్ట్) దగ్గర, రెండూ 44వ నంబర్ హైవే మీదే. కడప వాళ్లు బెంగళూరు, చెన్నై, హైదరాబాద్ మూడింట్లో ఏదైనా ఎంచుకోవచ్చు. ఓర్వకల్లులో, కడపలో ఎయిర్‌పోర్ట్ ఉంది కదా, అక్కడి నుంచి ఎక్కితే నయం కదా అని అడిగేవాళ్లకి నా మాట: ఆక్సిజన్‌తో వెళ్లేవాళ్లకి ఒక విమానం పెరిగితే ఒక అనుమతి, ఒక చెకింగ్, ఒక ఎక్కిదిగడం పెరిగినట్టే. కారే మేలు. కొడుకులు కువైట్‌లో ఉన్న కడప తల్లిదండ్రులకి ప్రయాణం ఐదు గంటలే కాబట్టి సులువే, కానీ ఫారం, అనుమతి వాళ్లకీ తప్పవు.

కారులో ఛార్జింగ్ సాకెట్ ఉంటుంది కాబట్టి మెషిన్ కారు కరెంటు మీద నడపండి, బ్యాటరీలు నిండుగా ఉంచండి. మేం పెనుకొండ దాటాక ఒకసారి, బాగేపల్లి దాటాక ఒకసారి ఆగి, అమ్మని దించి నాలుగు అడుగులు నడిపించాం. ఎయిర్‌పోర్ట్‌కి నాలుగు గంటల ముందు చేరండి. చెక్ఇన్ కౌంటర్‌లో మాకు ఎదురైంది ఇదే: "ఆక్సిజన్ అనుమతి సిస్టంలో కనపడట్లేదు" అన్నారు. నేను అనుమతి ఈమెయిల్, మెడిఫ్, బ్యాటరీల జవాబు మూడూ ప్రింట్ తీసి పెట్టుకున్నాను. వాళ్లు పైవాళ్లకి ఫోన్ చేసి కనుక్కోవడానికి నలభై నిమిషాలు పట్టింది. ఫోన్‌లో చూపిస్తే సరిపోదా అనుకోకండి. కాగితం ఉంటే వాళ్లే తీసుకెళ్లి పైవాళ్లకి చూపిస్తారు, మన ఫోన్ మన చేతిలోనే ఉంటుంది.

సెక్యూరిటీలో మెషిన్‌ని చూస్తారు, ఆపమంటే ఎంతసేపు ఆపగలరో డాక్టర్ కాగితం చూపించి చెప్పండి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు కార్డు ముందే తీసి చూపించి, చేతి డిటెక్టర్‌ని దాని మీద పెట్టి ఉంచవద్దని, చేత్తో తనిఖీ చేయమని అడగండి.

విమానంలో

అత్యవసర ద్వారం పక్క సీటు ఆక్సిజన్ వాడేవాళ్లకి ఇవ్వరు. మెషిన్ ముందు సీటు కింద పెట్టాలి, గాలి పోయే రంధ్రాలు మూసుకుపోకూడదు. గొట్టం నడవాలోకి రాకుండా అమ్మని కిటికీ వైపు కూర్చోబెట్టి, నేను పక్కన కూర్చున్నాను. కూర్చోగానే సిబ్బందికి ఒకసారి చెప్పండి: ఈమెకి ఇది ఉంది, ఇంతకంటే దిగితే మిమ్మల్ని పిలుస్తాను అని.

గంటకోసారి ఆక్సీమీటర్ పెట్టి చీటీ మీద టైం, నంబర్ రాస్తూ ఉండండి. చేతులు చల్లగా ఉంటే తప్పు చూపిస్తుంది, అరచేతులు రుద్ది పెట్టండి. బ్యాటరీ పూర్తిగా అయిపోయేదాకా ఆగకుండా, ఇంకా కాస్త ఉండగానే మార్చండి.

రెండో విమానంలో భోజనాలయ్యాక లైట్లు తీసేశారు. నాకూ కునుకు పట్టింది. మెషిన్ సన్నగా బీప్‌మంటే లేచాను. అమ్మ తల పక్కకి వాలి, నోరు తెరుచుకుని ఉంది, గొట్టం ఒక చివర ముక్కు నుంచి జారి పెదవి మీద ఉంది. వేలికి పెడితే 86. ఇంట్లో చూసిందే కాబట్టి చేతులు వణకలేదు. లేపి, వీపు నిటారుగా పెట్టి, గొట్టం సర్ది, "అమ్మా, ముక్కుతో పీల్చు, నాతో పాటు" అన్నాను. ఒకటి, రెండు, మూడు. 88. ఇంకాసేపటికి 91, 92. డాక్టర్ రాసిన కాగితంలో ఉన్నట్టు రెండు నిమిషాల్లో 88 దాటకపోతే అంకె పెంచి, సిబ్బందిని పిలిచి విమానంలో ఉన్న సిలిండర్ అడిగేవాణ్ని. ఆ తర్వాత ఆమె నిద్రపోయినంతసేపు నేను పడుకోలేదు. వీలైతే ఇద్దరు తోడు వెళ్లండి, వంతులు వేసుకోవచ్చు.

నీళ్ల టాబ్లెట్ వేసుకుంటే మాటిమాటికి బాత్రూంకి వెళ్లాలని చాలామంది ఆ రోజు మానేస్తారు. అమ్మ కూడా మానేయాలని చూసింది. మానితే నీరు పట్టి ఊపిరితిత్తుల మీద పడుతుంది, ఆక్సిజన్ పెట్టినా అప్పుడు లాభం ఉండదు. టైం మార్చుకోవచ్చేమో డాక్టర్‌ని అడగండి కానీ మానొద్దు. బాత్రూంకి వెళ్లేటప్పుడు మెషిన్ భుజాన వేసుకునే వెళ్లాలి, నడిచినప్పుడే నంబర్ ఎక్కువ పడిపోతుంది. మందులన్నీ చేతి సంచిలో, చీటీతో సహా ఉండాలి. విమానంలో ఉన్నంతసేపు ఒక గడియారం ఇండియా టైం మీదే ఉంచి, దాని ప్రకారం మందులు ఇవ్వండి. నాలుక కింద పెట్టుకునే మాత్ర డాక్టర్ రాసి ఉంటే అది జేబులోనే ఉండాలి.

ఉప్పు గురించి గట్టిగా చెప్తాను. మనం ప్రయాణానికి కట్టేది చిత్రాన్నం, నిమ్మకాయ ఊరగాయ, పప్పుల పొడి. హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవాళ్లకి ఆ ఊరగాయ ముక్క చాలు, దిగేసరికి కాళ్లు ఉబ్బుతాయి. ఎయిర్‌లైన్‌లో ఉప్పు తక్కువ భోజనం ముందే అడిగితే పెడతారు. మద్యం, నిద్రమాత్రలు వద్దు, ఊపిరి మందగిస్తుంది. నీళ్లు డాక్టర్ చెప్పిన కొలతలోనే తాగండి. గంటన్నరకోసారి కూర్చున్నచోటే మడమలు, వేళ్లు పైకీ కిందికీ ఆడించండి. రక్తం గడ్డకట్టకుండా మోకాలి కింద దాకా వచ్చే బిగువు సాక్సులు వేసుకోవచ్చా అని డాక్టర్‌ని అడిగి, సరైన సైజు కొనండి.

దిగాక, తిరిగి వచ్చేటప్పుడు

మధ్యలో దిగిన ఎయిర్‌పోర్ట్‌లో ముందు ప్లగ్ వెతుక్కుని ఖాళీ అయిన బ్యాటరీలు ఛార్జింగ్ పెట్టండి, తర్వాతే కాఫీ. చేరాక రెండు రోజులు విశ్రాంతి, రోజూ పొద్దున బరువు చూడటం. రెండు మూడు రోజుల్లో కేజీన్నర, రెండు కేజీలు పెరిగితే నీరు చేరినట్టే, వెంటనే డాక్టర్‌తో మాట్లాడండి. రక్తం గడ్డకట్టకుండా ఎసిట్రోం, వార్ఫరిన్‌లాంటి మాత్రలు వేసుకునేవాళ్లు బయల్దేరే వారంలో ఒకసారి, చేరాక మొదటి వారంలో ఒకసారి ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే రక్తపరీక్ష) చూపించుకోవాలి. తిండి మారితే అది మారిపోతుంది. ఇక్కడ రోజూ గోంగూర, పాలకూర తిని, అక్కడ ఒక్కసారిగా మానేసినా, ఇక్కడ మానేసి అక్కడ రోజూ తిన్నా తేడా వస్తుంది. ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు గుండె జబ్బు ముందే ఉందని దాచకుండా రాయండి. పాత జబ్బుకి కూడా వర్తించే పాలసీ ఉందా అని అడిగి తీసుకోండి, చాలా పాలసీల్లో అది ఉండదు.

తిరుగు ప్రయాణానికి ఇక్కడ తీసుకున్న అనుమతి పనికొస్తుందో లేదో వెళ్లేటప్పుడే కనుక్కోండి. మాకు పనికిరాలేదు. ఆరు నెలల తర్వాత మళ్లీ మెడిఫ్, మళ్లీ డాక్టర్ సంతకం, మళ్లీ బ్యాటరీల లెక్క. అక్కడ కొత్తగా డాక్టర్‌ని వెతుక్కోవడం, అపాయింట్‌మెంట్ దొరకడం అన్నీ ఆలస్యమే, అందుకే చెల్లెలు తేదీలు రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించింది: ఎకో ఎప్పుడు, ఫారం ఎప్పుడు పంపాలి, బ్యాటరీలు గడియారం పెట్టి ఎప్పుడు చూడాలి. ఆ చీటీ పక్కనే మనవడి టీకాల చార్టు.